తీగ మీద ఒక సలాం

ప్రతిదినము ఉదయము మా కళాశాల వాకిట రెండు భాషల పలకరింపులు వినిపిస్తాయి. ఒకరు "నమస్కారము" అంటారు, మరొకరు "అస్సలాము అలైకుమ్" అంటారు. బదులు వచ్చిన పిమ్మటనే అసలు మాట మొదలవుతుంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకొనే పద్ధతి కూడ ఇట్టిదే. మొదటిది "మాట్లాడవచ్చునా?" అని చిన్న సందేశము పంపుతుంది. రెండవది "వినబడినది, నా మాట నీకు వినబడినదా?" అని బదులిస్తుంది. మొదటిది "వినబడినది" అని చెప్పిన తరువాతనే పని ఆరంభము. దీనికి పాఠ్యగ్రంథములలో త్రీ-వే హ్యాండ్‌షేక్ అని పేరు. మా తరగతిలో ఆ పేరు తెలియనివారు లేరు. అర్థము చెప్పగలవారెందరని అడిగితే మాత్రము మేము తలవంచుకొనవలసి ఉన్నది.

నెట్‌వర్కు ఏడు పొరల పేర్లను క్రమము తప్పక అప్పజెప్పగల మిత్రులు మాలో చాలామంది. గత సంవత్సరము ప్రయోగశాలలో ఒక వరుసలోని రెండు కంప్యూటర్లు వంతులు వేసుకొన్నట్లు ఆగిపోతూ వచ్చినవి. ఒకటి పనిచేస్తే రెండవది మొరాయించేది. యంత్రము చెడినదని కొందరము, వైరసు పట్టినదని కొందరము వాదించుకొన్నాము. బాగుచేసే మనిషి మూడవ దినమున వచ్చి, రెండింటికీ ఒకే ఐపి చిరునామా ఇచ్చి ఉన్నదని చూచి, ఒక అంకె మార్చి, టీ త్రాగి వెళ్ళిపోయినాడు. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే నంబరు వేస్తే తపాలా జవాను ఏమి చేయగలడు? ఐపి చిరునామాను గురించి పరీక్షలో పుటలకు పుటలు వ్రాసిన మాకు ఆ సంగతి తోచనే లేదు. ఆ దినము కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు కారణము.

తాండూరు నాపరాయిని ఎరిగిన మనకు ఈ విద్య కొరుకుడు పడనిది కాదు. హైదరాబాదులో ఒక పెద్ద భవనమునకు కావలసిన బండలన్నీ ఒకే లారీలో పోవు. నాలుగైదు లారీలలో పోతాయి. ఒకటి చేవెళ్ళ మీదుగా, ఒకటి శంకరుపల్లి మీదుగా పోవచ్చును. ముందు బయలుదేరినది వెనుక చేరవచ్చును. లారీలకు వరుస సంఖ్యలు వేసి ఉంటే మేస్త్రీకి తికమక లేదు. మూడవది రాకపోతే ఆ ఒక్కదాని సరుకే మరల పంపుమంటాడు. కంప్యూటరు కూడ పెద్ద సందేశమును పాకెట్లుగా విడగొట్టి, ఒక్కొక్కదానిపై పంపినవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా, వరుస సంఖ్య వేసి పంపుతుంది. తప్పిపోయినదానిని మరల తెప్పించుకొంటుంది. అయితే ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ నియమము చెల్లదు. గడచిన మాట కొరకు ఆగితే సంభాషణ నడవదు గనుక పోయిన పాకెట్టును పోనిస్తారు. మన మాట నడుమ తెగినట్లు వినిపించుటకు ఇది ఒక కారణము.

దారి చూపేది రౌటరు. సికింద్రాబాదు - వాడి రైలుమార్గము 1874లో తెరువబడినది. దానిమీద వికారాబాదు జంక్షను. ఇక్కడినుండి ఒక దారి తాండూరు మీదుగా వాడికి, మరొకటి బీదరుకు. జంక్షను బోగీలోని మూట విప్పి చూడదు. ఏ దారిన పంపవలెనో మాత్రమే చూస్తుంది. రౌటరు పని సరిగ్గా అంతే. (తాండూరు రైలనుకొని బీదరు రైలెక్కి నిద్రపోయిన మా మిత్రునికి ఈ పాఠము మాకంటె ముందే బోధపడినది.)

రెండు లిపుల కళాశాలకు ప్రత్యేకముగా చెప్పదగిన విషయము ఒకటి ఉన్నది. "సలాం" అను మాటను ఉర్దూలో సీన్, లామ్, అలిఫ్, మీమ్ అని నాలుగక్షరములతో వ్రాస్తారు. కంప్యూటరు తెలుగులోనూ దానిని నాలుగు గుర్తులుగానే ఎంచుతుంది: స, ల, దీర్ఘము, సున్న. నేడు వ్యాప్తిలో ఉన్న యుటిఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు, తెలుగు గుర్తుకు మూడు. కనుక అదే సలాం ఉర్దూలో 8 బైట్లు, తెలుగులో 12 బైట్లు. ఉర్దూ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి నడిచినను తీగకు ఆ భేదము లేదు. పలికే వరుసలోనే రెండూ పోతాయి. ఏ వైపు నుండి వ్రాయవలెనో తెరమీద చూపేటప్పుడు తేలుతుంది. ఈ లెక్కను మేము కాగితముమీద వేసుకొన్న రోజున ఉర్దూ మాధ్యమపు మిత్రులూ, తెలుగు మాధ్యమపు మిత్రులూ ఒకే బల్ల చుట్టూ నిలిచినారు. అట్టి తరగతి మాకు అంతకు ముందు జరుగలేదు.

సాంకేతిక విద్య ఇంగ్లీషులోనే నేర్వవలెనని, లేనిచో ఉద్యోగములు రావని కొందరు పెద్దలంటారు. రౌటరును రౌటరనే అందాము, అభ్యంతరము లేదు. కాని అది చేసే పని మొదట ఇంటి భాషలో అర్థము కావలెను. మాలో అనేకులు తమ ఇంట కళాశాల మెట్టెక్కిన మొదటివారు. కంఠస్థము చేసిన ఇంగ్లీషు వాక్యము పరీక్ష దాటిస్తుంది. ఉద్యోగమునకు వెళ్ళిన చోట రెండవ ప్రశ్న వేయగానే చేయి విడిచిపెడుతుంది.

కాబట్టి కళాశాల కమిటీవారికి మా విన్నపము. ఈ సంవత్సరము క్రొత్త కంప్యూటర్లు కొనకపోయినను సరే. ఒక చిన్న స్విచ్చి, ఒక చుట్ట కేబులు, కొన్ని కనెక్టర్లు, ఒక క్రింపింగ్ టూల్ కొని ఇప్పించండి. కేబులులోని ఎనిమిది తీగలను తెలుపు-నారింజ మొదలు గోధుమ రంగు వరకు వరుసలో పేర్చి మా చేతులతో బిగించనివ్వండి. కొన్ని పాడుచేస్తాము. 1969 అక్టోబరు 29న అమెరికాలో లాస్ ఏంజిలెస్ నుండి స్టాన్‌ఫర్డ్‌కు "లాగిన్" అను మాటను మొట్టమొదట పంపబోయినప్పుడు రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము ఆగిపోయినది. అంతటివారికే అట్లయినది.

మరొక్క మాట. ప్రయోగశాలకు తాళము వేసిన తరువాత సాయంత్రపు రైలు వచ్చువరకు తాండూరు మిత్రులు స్టేషనులో ఊరక కూర్చుంటున్నారు. ఆ తాళము రైలు వేళ వరకు తెరచి ఉంచితే చాలును. బాధ్యత వహించుటకు మాలో ఆరుగురము పేర్లు ఇచ్చి ఉన్నాము.