నిద్రపోని చెవి

నడిసముద్రంలో ఆపదలో పడిన నౌక ఎంతగా మొరపెట్టుకున్నా, వినే చెవి మేలుకొని ఉండకపోతే ఆ మొర అరణ్యరోదనమే. ఈ సత్యాన్ని లోకానికి నేర్పినది 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి. ‘టైటానిక్’ మంచుకొండను ఢీకొన్న వేళకు, ఆ ప్రాంతంలోనే ఆగి ఉన్న ‘కాలిఫోర్నియన్’ నౌకలోని ఒకే ఒక్క రేడియో ఉద్యోగి, పగలంతా పనిచేసి అలసి, సుమారు పది నిమిషాల ముందే పరికరం కట్టివేసి నిద్రకు ఉపక్రమించాడు. అతనిని తప్పుపట్టలేము, రాత్రంతా ఆలకించాలనే నిబంధన నాడు లేదు. తెల్లవారేలోగా దాదాపు 1,500 మంది జలసమాధి అయ్యారు.

రేయింబవళ్లు ఆలకించాలంటే నౌకకు ఒక్క ఉద్యోగి చాలడు. ఎక్కువమందిని నియమించటం సరకు నౌకల యజమానులకు భారం. అందుచేత మనిషికి బదులు మేలుకొని ఉండే యంత్రం అవసరమైంది. అది గుర్తించవలసిన సంకేతాన్ని 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం నిర్ణయించింది: ఒక్కొక్కటి నాలుగు సెకన్ల నిడివి గల పన్నెండు గీతలు, రెండేసి గీతల నడుమ ఒక సెకను విరామం. వెరసి ఒక నిమిషం.

అంత దీర్ఘమైన గీత ఎందుకు? మోర్స్ లిపిలో మామూలు గీత సెకనులో స్వల్పభాగమే. కనుక నిత్యం సాగే వార్తలకు ఈ యంత్రం చలించదు. సరియైన నిడివి గల గీతలు మూడో నాలుగో వరుసగా అందితే చాలు, రేడియో గదిలోను, ఉద్యోగి పడకగదిలోను, నౌకను నడిపే చోటను గంటలు మ్రోగేవి. ఉరుముల రొదలో కొన్ని గీతలు చెడిపోయినా తక్కినవి పని నెరవేర్చాలనే పన్నెండు పంపేవారు. వ్యవధి ఉంటే రెండు నిమిషాలు ఆగి, అటుపిమ్మట అసలు వర్తమానం పంపేవారు. నిద్రలేచినవాడు పరికరం ముందుకు చేరటానికి ఆ గడువు.

ప్రభుత్వ అనుమతి గల తీర కేంద్రాలు తుపాను హెచ్చరికకు ముందు కూడా ఈ సంకేతాన్ని పంపవచ్చునని నిబంధన ఉండేది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మనకు, వేళకు అందిన హెచ్చరిక విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

యంత్రానికి లోపాలు లేకపోలేదు. ఒక్కొక్కప్పుడు ఆకాశంలోని అలజడినే సంకేతంగా భ్రమించి, అర్ధరాత్రి వృథాగా లేపేది. అయితే తనలో ఏదైనా చెడినా గంట మ్రోగించి తెలిపేది.

1999 ఫిబ్రవరి 1 నాటికి ఉపగ్రహాల సాయంతో నడిచే కొత్త విధానం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆ పన్నెండు గీతల అవసరం తీరింది. నిద్రించే మనిషిని వేళకు లేపటమే ఆ యంత్రం చేసిన పని. లేచిన తరువాత నౌకను ఆపదవైపు మళ్లించినవాడు మనిషే.