యోబు మిత్రుల తప్పు

దుఃఖములో నున్నవానికి ఆ దుఃఖమునకు కారణము బోధించుట మనలో చిరకాలముగా నున్న అలవాటు. ఇల్లు కూలినవానిని చూచినను, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని చూచినను, మంచము పట్టిన రోగిని చూచినను, మన నాలుకపైకి మొదట వచ్చు మాట యొక్కటే: చేసికొన్నవారికి చేసికొన్నంత. ఈ మాట పలికినవాడు తాను కఠినుడనని యనుకొనడు. లోకమున న్యాయమున్నదని చాటితినని తృప్తిపడును. విన్నవాడు మాత్రము తన నష్టమునకు తోడు అపరాధి యను పేరును గూడ మోసికొని ఇంటికి పోవును.

ఇట్టి మాట పలుకుట ధర్మవిరుద్ధమని స్పష్టముగా శాసించిన సంప్రదాయ మొకటి కలదు. అది యూదులది. క్రీ.శ. 6వ శతాబ్ది నాటికి రూపుగొన్న బాబిలోను తల్మూదు గ్రంథమున, సరకు తూకములో చేయు మోసమువలెనే మాటలతో చేయు అన్యాయ మొకటి యున్నదని చెప్పబడినది. రోగముతో బాధపడువానితోగాని, బిడ్డలను పూడ్చిపెట్టి వచ్చినవానితోగాని, యోబుతో అతని మిత్రులు మాటాడినట్లు మాటాడుట ఆ అన్యాయములలో నొకటిగా అచ్చట లెక్కింపబడినది. సొమ్ము విషయమున చేసిన అన్యాయమును తిరిగి చెల్లించి సరిదిద్దవచ్చును. మాట విషయమున అది సాధ్యము కాదని గూడ ఆ పెద్దలు గుర్తించిరి. నిత్యము పసివారితో మాటాడుటయే వృత్తిగాగల ఉపాధ్యాయులు ఈ శాసనమును గూర్చి ఆలోచింపవలసి యున్నది.

యోబు మిత్రులు ఏమి మాటాడిరి? యోబు ఊజు దేశమున ధర్మాత్ముడు. సాతాను దేవుని సభకు వచ్చి, సంపద యున్నంత వరకే ఇతని భక్తియని ఆక్షేపించెను. పరీక్షకు అనుమతి లభించినది. పశుసంపద పోయినది; ఏడుగురు కొడుకులును ముగ్గురు కూతుళ్లును ఒక్కదినమే మరణించిరి; దేహమంతయు కురుపులు పుట్టగా అతడు బూడిదలో కూర్చుండి పెంకుతో గోకికొనవలసి వచ్చినది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు మువ్వురు వచ్చి, ఏడు పగళ్లును ఏడు రాత్రులును ఒక్క మాటయు లేక అతనితో నేలపై కూర్చుండిరి. వారు చేసిన మంచిపని ఇదియే. పిమ్మట నోరు విప్పిరి. దేవుడు న్యాయవంతుడు, నీకు శిక్ష పడినది, కావున నీవు పాపము చేసియుందువు, ఒప్పుకొనుము. ఇది వారి తర్కము.

ఈ కథ వినునప్పుడు తెలుగువానికి హరిశ్చంద్రుడు జ్ఞప్తికి రాకమానడు. అచ్చటను దేవసభలో వాదము. ఇచ్చటను దేవసభలో ఆక్షేపము. ఇరువురును నిర్దోషులే, ఇరువురును సర్వస్వమును కోల్పోయి తుదకు మరల పొందినవారే. అయినను ఒక భేద మున్నది. హరిశ్చంద్రుని గొప్పతనము ఆడిన మాట తప్పకుండుటలో నున్నది. కాటికాపరియైనను అతడు పరీక్ష పెట్టినవారిని నిలదీయడు. యోబు గొప్పతనము దేవునినే నిలదీయుటలో నున్నది. అతడు తాను పుట్టిన దినమును శపించెను. తన నేరమేమో చూపుమని దేవుని వాదమునకు పిలిచెను. చేయని పాపమును చేసితినని ఒప్పుకొనుటకు మాత్రము అంగీకరింపలేదు. బొంకనన్న హరిశ్చంద్రుని సత్యమునకు ఇదియు సోదరియే. దేవుని మెప్పించుటకైనను అబద్ధమాడననుట సత్యవ్రతము కాక మరేమి?

తుదకు సుడిగాలిలోనుండి దేవుడు మాటాడెను. కష్టములకు కారణము చెప్పలేదు. భూమికి పునాది వేసిననాడు నీవెక్కడ నుంటివని ప్రశ్నించి, సముద్రమును, నక్షత్రములను, అడవి మృగములను చూపెను. సృష్టి యంతయు మనుష్యుని న్యాయపు త్రాసులో తూగునది కాదని దాని భావము. అటుపిమ్మట ఆయన కోపించినది యోబుపై కాదు, మిత్రులపైన. దేవుని పక్షమున వాదించినవారే ఆయనను గూర్చి సరిగా పలుకలేదని తీర్పు వచ్చినది. వారి కొరకు యోబే ప్రార్థింపవలసి వచ్చినది. మత గ్రంథమొకటి తన మతమును సమర్థించినవారినే తప్పుపట్టుట అరుదైన సంగతి.

యూదుల మతమున పాపమునకు శిక్షయు పుణ్యమునకు ఫలమును లేవని దీనివలన తలపరాదు. ధర్మము తప్పిన జాతి కష్టముల పాలగునని వారి ప్రవక్తలు ఘోషించిరి. కష్టము వచ్చినప్పుడు మనుష్యుడు తన నడతను తాను పరిశీలించుకొనవలెనని తల్మూదే చెప్పుచున్నది. తాను తనను పరిశీలించుకొనుట వేరు, పరుని పరిశీలించి తీర్పు చెప్పుట వేరు. మన కర్మసిద్ధాంతమును గూడ ఈ వెలుగులో చూడవలెను. నేను చేసినదాని ఫలము నేననుభవింతునని తలచువాడు బాధ్యత నేర్చుకొనును. నీవు చేసినదాని ఫలము నీవనుభవించుచున్నావని ఎదుటివానితో అనువాడు దయను పోగొట్టుకొనును. సిద్ధాంత మొక్కటియే, దానిని ఎవరిపై ప్రయోగింతుమన్నదే ప్రశ్న.

మరి చెడుగు ఎచ్చటనుండి వచ్చును? వెలుగునకొక దేవుడు, చీకటికొక దేవుడు అను ద్వైతమును యూదులు అంగీకరింపలేదు. రెండింటికిని కర్త ఒక్కడే యని యెషయా ప్రవక్త గ్రంథము చెప్పుచున్నది. మనుష్యునిలో రెండు ప్రవృత్తులున్నవని వారి పండితుల మతము: ఒకటి మంచికి లాగును, రెండవది చెడుకు లాగును. విశేష మేమనగా ఆ రెండవదానిని వారు సమూలముగా పెరికివేయుమనలేదు. అది లేనిచో ఎవడును ఇల్లు కట్టడు, పెండ్లియాడడు, బిడ్డలను కనడు, వర్తకము చేయడని వారనిరి. కడియము, కడియపులంక నర్సరీలలో పనిచేయువారికి ఈ మాట వివరింప నక్కరలేదు. అంటు మొక్కలో మేలుజాతి కొమ్మకు ఆధారము మోటుజాతి వేరే. ఆ వేరు దగ్గరనుండి అప్పుడప్పుడు మోటు చిగుళ్లు లేచి మేలుకొమ్మకు పోవలసిన సారమును లాగివేయును. తోటమాలి ఆ చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయును గాని వేరును నరకడు. నరికినచో మొక్కయే చచ్చును. మనుష్యుని కోరికలను గూర్చి యూద పండితులు చెప్పినది సరిగా ఇదియే. పిల్లవాని చిలిపితనమును, పట్టుదలను, పోటీబుద్ధిని మూలముతో పెరికివేయ జూచు ఉపాధ్యాయుడు ఈ తోటమాలిని చూచి నేర్చుకొనవచ్చును.

1204లో మరణించిన మైమోనిదీసు అను యూద తత్త్వవేత్త వృత్తిచేత వైద్యుడు. ఆయన లోకములోని కీడులను మూడు తెగలుగా విభజించెను. దేహమును ప్రకృతియు నశ్వరములగుట వలన కలుగునవి మొదటివి. మనుష్యులు ఒకరికొకరు చేసికొనునవి రెండవవి. ఎవనికి వాడు తెచ్చిపెట్టుకొనునవి మూడవవి. మొదటి తెగ అన్నిటికంటె తక్కువయనియు, మూడవది అన్నిటికంటె ఎక్కువయనియు ఆయన అభిప్రాయము. గోదావరి డెల్టావారు ఆ లెక్కను పూర్తిగా ఒప్పుకొనలేకపోవచ్చును. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచివేసినది. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద పారి లంకగ్రామములు నీటిపాలైనవి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినది. కొబ్బరిచెట్టు ఏ పాపము చేసినది?

కాని ఆ విభజన మాత్రము మనకు మిక్కిలి ఉపయోగకరము. 1833 నాటి కరవునే చూడుడు. వాన కురియకపోవుట మొదటి తెగకు చెందిన కీడు. నిండు నది ప్రక్కనే పారి సముద్రములో కలియుచుండగా పొలములు ఎండి మనుష్యులు చచ్చుట, శిస్తుపై నున్న శ్రద్ధ పాలకులకు నీటిపారుదలపై లేకపోవుట, రెండవ తెగకు చెందినది. ఆ చావులన్నియు చచ్చినవారి పూర్వకర్మమే యని ఊరకుండినచో ధవళేశ్వరపు ఆనకట్ట పుట్టెడిది కాదు. ఆర్థరు కాటను కారణమును పూర్వజన్మమున వెదకలేదు, నదిలో వెదకెను. 1847లో ఆరంభించి 1852 నాటికి ఆనకట్టను నిలబెట్టెను. కష్టమును కర్మమనుటలోని పెద్ద కీడు ఇదియే: కష్టపడువాడు అపరాధి యగును, కష్టపెట్టినవాడు కనబడకుండ పోవును. వడ్డీవ్యాపారియు, గట్టుకు మట్టి వేయించని అధికారియు, కూలి ఎగవేసిన ఆసామియు ఆ ఒక్క మాట చాటున దాగికొందురు.

కులవ్యవస్థ దాగికొన్నదియు ఈ మాట చాటుననే. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమున తెలుగు మాటాడు చిన్న సమాజ మొకటి కలదు. మాదిగ కుటుంబములకు చెంది, అదివరకే క్రైస్తవముతో పరిచయమున్న వారు 1980ల చివర తాము యోసేపు కుమారుడైన ఎఫ్రాయీము సంతతివారమని ప్రకటించుకొని, బెనె ఎఫ్రాయీము అను పేర యూదాచారములను స్వీకరించిరి. ప్రార్థనామందిరమును కట్టుకొని విశ్రాంతిదినమును, పస్కా పండుగను జరుపుకొన నారంభించిరి. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వ్రాసిన ఆంగ్లగ్రంథము 2013లో వెలువడినది. వారి వంశకథను చరిత్రకారులు ఎట్లు విచారించినను విచారింతురు గాక. నాకు ముఖ్యమని తోచినది వేరొకటి. నీ హీనస్థితికి నీ పూర్వజన్మమే కారణమని తరతరములుగా వినవలసి వచ్చిన కుటుంబములకు, పస్కా పండుగనాడు చెప్పుకొను కథ వేరొక సమాధానమును ఇచ్చును. ఐగుప్తులో ఇటుకలు మోసినవారు తమ పాపముచేత బానిసలైరని ఆ కథ చెప్పదు. ఫరో అన్యాయముచేత నైరని చెప్పును. బానిసత్వము విధించినవాని పేరు చెప్పు కథకును, అనుభవించినవానినే నిందించు కథకును ఎంత దూర మున్నదో చూడుడు.

ఈ విశ్వాసము సులభముగా నిలిచినది కాదు. తండ్రి ఆజ్ఞపై ఎత్తైన కట్టడమెక్కి, శాస్త్రము చెప్పినట్లు తల్లిపక్షిని విడిచిపెట్టి పిల్లలను మాత్రము తీసికొని దిగుచు ఒక బాలుడు పడి మరణించెను. దీర్ఘాయువు ఫలముగా చెప్పబడిన రెండు ధర్మములను ఒక్కమారే నెరవేర్చుచుండగా చావు వచ్చినది. ఇట్టిదానిని చూచియే ఎలీషా బెన్ అబూయా అను పండితుడు మతమును విడిచెనని తల్మూదు దాపరికము లేక చెప్పుచున్నది. ఫలము పరలోకమున నున్నదని మరియొకరు సమాధానము చెప్పిరి. 20వ శతాబ్దిలో నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపినప్పుడు ఏ సమాధానమును చాలలేదు. అది పాపమునకు శిక్షయని చెప్పిన కొందరు లేకపోలేదు. వారిలోని ఆలోచనాపరులు పెక్కుమంది ఆ మాట నొల్లలేదు. ఆష్‌విట్జ్ నిర్బంధశిబిరము నుండి బ్రతికి బయటపడిన ఎలీ వీజెల్, 1986లో నోబెల్ శాంతి బహుమానము పొందినవాడు, దేవునినే న్యాయస్థానమున నిలబెట్టిన నాటకమును వ్రాసెను. యోబు ఆరంభించిన వాదము ముగియలేదు.

కారణము తెలియనప్పుడు చేయవలసిన దేమి? దీనికి తల్మూదులోని చిన్న కథ యొకటి నాకు అన్ని సిద్ధాంతముల కంటెను గొప్పగా తోచును. యోహానాను అను గురువు జబ్బుపడిన శిష్యుని చూడబోయెను. ఈ బాధలు నీకు ఇష్టమేనా యని అడుగగా, వానితోను వాని వలన వచ్చు పుణ్యముతోను తనకు పని లేదని శిష్యుడు నిర్మొగమాటముగా చెప్పెను. గురువు మందలింపలేదు, చేయి అడిగి తీసికొని అతనిని లేపెను. పిమ్మట గురువే జబ్బుపడెను; వేరొకరు వచ్చి అదే ప్రశ్న వేసి, అదే సమాధానము విని, ఆయనను చేయి పట్టి లేపిరి. ఇతరులను లేపిన గురువు తన్ను తాను లేపుకొనలేడా యని ప్రశ్న పుట్టినది. చెరలో నున్నవాడు తన సంకెళ్లను తాను విప్పుకొనలేడు గదా యని వారి సమాధానము. ఆ యోహానాను పదుగురు కుమారులను పోగొట్టుకొన్నవాడని గూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. బాధను స్తుతించు అధికార మెవనికైన నున్నచో ఆయనకే యుండవలెను. ఆయనయు స్తుతింపలేదు.

నేటికిని యూదుల ఇంట చావు కలిగినప్పుడు దగ్గరివారు ఏడు దినములు నేలపైనో పొట్టిపీటలపైనో కూర్చుందురు. పరామర్శకు పోయినవారు దుఃఖితుడు మాటాడువరకు తాము మాటాడరాదని ఆచారము. యోబు మిత్రులు మొదట చేసిన మంచిపనిని ఆచారముగా నిలుపుకొని, పిమ్మట చేసిన తప్పును పాపముగా నిషేధించిరన్నమాట.

మన పాఠశాలలకు ఈ రెండును అవసరము. వరదలో పుస్తకములు పోయిన పిల్లవాడు, నర్సరీ పనికి పోయి జబ్బుపడిన తల్లిగల పిల్లది, తండ్రి త్రాగి కొట్టగా కన్ను వాచి వచ్చిన పిల్లవాడు మన తరగతిలో ఏదో ఒక బల్లపై కూర్చుండియే యుందురు. పాపపుణ్యముల పాఠము తప్పక చెప్పవలసినదే. చేసిన తప్పును తెలిసికొనుట పిల్లలకు నేర్పవలసినదే. కాని ఆ పాఠమునకు ఉదాహరణముగా ఆ పిల్లవానిని నిలబెట్టరాదు. వాని దుఃఖమునకు కారణము చెప్పు శక్తి మనకు లేదు. పుస్తకము తెచ్చియిచ్చు శక్తి, ఆసుపత్రికి దారి చూపు శక్తి, ఆ తండ్రిని పిలిపించి అడుగు శక్తి మనకున్నవి. విద్యార్థులకు హరిశ్చంద్రుని ప్రక్కన యోబును గూడ చదివింపుడు. మాట తప్పకుండుట ఒకరివలన, అన్యాయమును అన్యాయమని పలుకుట ఒకరివలన వారు నేర్చుకొందురు. ప్రక్కవాడు ఏడ్చునప్పుడు కారణము వెదకక, వాని దగ్గరకు జరిగి కూర్చుండుట మాత్రము వారు మనలను చూచి నేర్చుకొనవలసి యున్నది.