ఫ్లిక్ నేర్చు బిడ్డను ఓడనిండు

టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు 2.74 మీటర్లే యైనను, అందు మిక్కిలి దుర్గమమైన ప్రదేశము వలకు చేరువనే యున్నది. ప్రత్యర్థి తన సర్వీసును, విడిచిపెట్టినచో మన వైపు బల్లమీదనే రెండు మారులు పడునంత షార్టుగా, బలమైన బ్యాక్‌స్పిన్‌తో పంపినప్పుడు, దాని నెదుర్కొను ఆటగానికి చేతిని వెనుకకు తీయుటకు చోటు లేదు, బల్లయే అడ్డు. అందుచేత చిరకాలము ఆ బంతిని నెమ్మదిగా పుష్ చేసి ఆవలికి పంపుటయే పరిపాటిగా నుండెను, మొదటి దాడి చేయు అధికారము సర్వీసు చేసినవానిదిగానే మిగులుచుండెను.

ఆ అధికారమును కదలించినది బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్. 1996 అట్లాంటా ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందిన చెక్ క్రీడాకారుడు పీటర్ కోర్బెల్ ఈ దెబ్బకు పేరు తెచ్చినవారిలో ప్రథమగణ్యుడు; బంతి గాలిలో వంగిపోవు తీరునుబట్టి దీనిని బనానా ఫ్లిక్ అనియు, చికీటా అనియు పిలుతురు. 2011, 2013 సంవత్సరములలో ప్రపంచ విజేతయు, 2012 లండనులో ఒలింపిక్ విజేతయు నైన చైనా వీరుడు జాంగ్ జికె చేతిలో ఇది కేవలము సర్వీసుకు సమాధానముగా నుండక, తొలి ఆయుధమై నిలిచెను.

మోచేతిని బల్లపైకి, ముందునకు ఎత్తి, బ్యాటు మొన తన పొట్టవైపు తిరుగునట్లు మణికట్టును లోనికి మడచి, బంతి ఎగసి శిఖరమందుకొను క్షణమున దాని ప్రక్కను రాచుచు ఆ మడతను విప్పవలయును. వెనుకనుండి తిన్నగా కొట్టబోయినచో బ్యాక్‌స్పిన్ బంతిని వలలోనికి దించును. ప్రక్కను తాకుటచే ఆ స్పిన్ బలము చాలవరకు తప్పిపోవును. చూచువారి దృష్టి యంతయు మణికట్టుపైననే నిలుచును గాని, ఈ విద్యకు మూలము పాదమునందున్నదని నా దృఢ విశ్వాసము. కుడిచేతి ఆటగాని కుడికాలు బల్లక్రిందికి చొచ్చి, దేహభారము దానిపై కుదిరిన పిమ్మటనే మణికట్టుకు స్వేచ్ఛ లభించును. కాలు ఆలసించినచో చేయి చాపవలసివచ్చును, చాచిన చేతికి మణికట్టు ఉండియు లేనట్లే. అంతటితోను పని తీరదు. కొట్టిన మరుక్షణమే వెనుకకు మరలనేరని వానిని, వేగముగా వచ్చు తిరుగుబంతి బల్లపై వంగియుండగనే పట్టుకొనును.

ఇన్ని అంగములు ఒక్కటిగా కుదురువరకు ఈ దెబ్బ నభ్యసించు బిడ్డ పోటీలలో ఓడుట అనివార్యము. 2001 నుండి గేము 11 పాయింట్లకే ముగియుచున్నది. వరుసగా నాలుగు రిసీవులు వలలో పడినచో గేము చేజారినట్లే. గ్యాలరీలో కూర్చున్న తండ్రి సహింపలేక, పుష్ చేసి బంతిని బల్లమీద నిలుపుమని హెచ్చరించును. బిడ్డ ఆ మాట విని, చిన్న వయోవిభాగములలో పతకములు తెచ్చి, పై విభాగమునకు పోయినంతనే తన పుష్‌లన్నియు ఎదుటివాని దాడికి ఆహ్వానములగుట చూచి దిగ్భ్రాంతి చెందును. పుష్‌ను నేను నిందించుట లేదు. అది లేని ఆట అసంపూర్ణమే. భయముచేత దాని నాశ్రయించుటయే నేను గర్హించునది.

సరళీ స్వరములు నిలువనిదే వర్ణము చెప్పని సంగీతగురువును గౌరవించు మనము, నెలల తరబడి ఒకే షార్టు బంతిని వేసి మల్టీబాల్ అభ్యాసము చేయించు కోచ్‌ను మాత్రము, పతకమేదని నిలదీయుదుము. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో ఆచంట శరత్ కమల్‌తో కూడి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము గెలిచిన ఆకుల శ్రీజ మన హైదరాబాదు బిడ్డ. ఆమెను చూపి పిల్లలను బల్లయొద్దకు తెచ్చుట ఎంతయు శ్లాఘనీయము. కాని అట్టి స్థాయిని కోరువారు, అండర్-11 పతకముకొరకు ఆ స్థాయికి వలయు విద్యను వాయిదా వేయుట యుక్తము కాదు.

కోచ్‌లు ఈ దెబ్బను పాదములతో ఆరంభింపవలెను. ఏ సీజనులో దానిని నేర్పుదురో, ఆ సీజనులో ఫలితములు తగ్గునని తలిదండ్రులకు ముందుగనే తెలుపవలెను. తలిదండ్రులారా, ఈసారి పోటీ ముగిసిన పిమ్మట స్కోరు నడుగుటకు ముందు, ఎన్ని షార్టు సర్వీసులకు ఫ్లిక్ ప్రయత్నించితివని మీ బిడ్డ నడుగుడు.