తిప్పల మాటలు తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు నుడికారం భారం కావొద్దు

2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోనూ అంతే. తల్లిదండ్రులు కోరుకున్నదే అది, కాదనాల్సిన పని లేదు. చిక్కంతా నుడికారం దగ్గర, అందులోనూ కష్టాలు చెప్పే మాటల దగ్గర.

‘అవుట్ ఆఫ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇంటు ద ఫైర్’ అనే మాటకు అర్థాన్ని మళ్లీ ఇంగ్లీషులోనే రాయించి బట్టీ పట్టిస్తే పరీక్ష గట్టెక్కుతుంది. మాట మాత్రం పిల్లల నోటికి రాదు. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టయిందని ఇంట్లో నాయనమ్మ అంటూనే ఉంటుంది. ‘బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ’కి ముందు నుయ్యి, వెనుక గొయ్యి ఉంది. దెబ్బ మీద దెబ్బ తగిలితే మూలిగే నక్క మీద తాటిపండు పడిందంటారు. తాళ్ల నడుమ పెరిగే పిల్లలకు దాన్ని విడమరిచి చెప్పాలా?

కష్టం చెప్పుకోవడానికి ఈ కరువు నేలలో మాటల కరువు లేదు. తిప్పలు వేరు, గోస వేరు, రంది వేరు, ఆగం కావడం వేరు. తిప్పలైతే పని ముందుకు సాగదు. గోసలో మనిషి నలిగిపోతాడు. రంది లోలోపల తొలుస్తుంది. ఆగమైతే సంసారమే చెదిరిపోతుంది. ఇంత సూక్ష్మమైన తేడాలు ఎరిగిన పిల్లలకు ట్రబుల్, మిజరీ, వర్రీ, రూయిన్ వేరువేరని తెలియడం ఎంతసేపు?

ఇంగ్లీషు నుడికారానికి తెలుగు జోడీ చూపి నేర్పే పద్ధతి కొత్తదీ కాదు. కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ 1868లో తెలుగు సామెతలను పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో, వివరణతో మద్రాసులో అచ్చు వేయించాడు. తెలుగు నేర్వడానికి ఇంగ్లీషువాళ్లకు పనికొచ్చిన దారి, ఇంగ్లీషు నేర్వడానికి తెలుగు పిల్లలకు పనికిరాకపోదు.

అన్నింటికీ జోడీ దొరకదన్నది నిజమే. ‘హై అండ్ డ్రై’ ఓడల వాళ్ల మాట: పోటు తీశాక నీళ్లు లేని ఒడ్డున ఓడ చిక్కుకుపోవడం. సముద్రం చూడని పిల్లలకు ముందు ఆ ఓడ గురించి చెప్పాలి. ‘స్టికీ వికెట్’ క్రికెట్ మాట. వానకు తడిసి ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కు అంతుపట్టదు. ఇలాంటి వాటికి అర్థం ఒక్కటే చాలదు, పుట్టుక కూడా చెప్పాలి.

ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలనే వాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇంగ్లీషు మీడియంతో పాటే సర్కారు రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. పాఠానికి తెలుగు ఆసరా కావాలని ఒప్పుకున్నాక నుడికారానికి వద్దనడం సబబు కాదు.

అందుకే రఘునాథపల్లి మండలంలోని ప్రతి బడిలో తెలుగు, ఇంగ్లీషు టీచర్లు కలిసి వారానికి ఒక పీరియడ్ నుడికారానికి కేటాయించాలి. పిల్లలు ఇంటి పెద్దల నుంచి మాటలు రాసుకొస్తే, వాటికి ఇంగ్లీషు జోడీ తరగతిలోనే వెతకాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని తల్లులు ఈ సేకరణకు ముందుకు రావాలి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9న, తెలంగాణ భాషా దినోత్సవం నాడు, ఆ నోటుబుక్కులు ఊరి ముందు పెట్టాలి. దీనికి నిధులు అక్కర్లేదు. తల్లిదండ్రులారా, వచ్చే బడి మీటింగులో ఈ పీరియడ్ కావాలని అడగండి.