తెల్లచీర ఆమె

'ఆమె ఎవరు?' సినిమా చూసొచ్చిన రాత్రి మా జేజి పక్కలో పడుకోనని మొండికేశాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. కోయిలకుంట్ల పక్క పల్లె మాది. టూరింగ్ టాకీసుకు పాత బొమ్మ ఏదొచ్చినా బండి కట్టుకుని పోవాల్సిందే. నేల టిక్కెట్టు, వేరుశనక్కాయలు, తిరిగొచ్చేటప్పుడు కుందూ మీదుగా చల్లగాలి. ఆ రాత్రి మాత్రం ఆ గాలికి వెన్నులో వణుకు పుట్టింది. ఇంటికొచ్చి చూస్తే గడపలో జేజి. ఆమెదీ తెల్లచీరే మరి! తాత పోయినప్పటి నుంచీ ఆమె కట్టింది అదొక్కటే.

1966లో వచ్చిన ఆ సినిమాలో జగ్గయ్య, జయలలిత నటించారు. దర్శకుడు బి.ఎస్.నారాయణ. అదే ఏడాది తమిళంలో 'యార్ నీ?' అని వచ్చింది. అందులోనూ జయలలితే, పక్కన జైశంకర్. అప్పటికామెకు పద్దెనిమిదేళ్లు. రెండింటికీ మూలం 1964 నాటి రాజ్ ఖోస్లా హిందీ చిత్రం 'వో కౌన్ థీ?'. మదన్‌మోహన్ పాటలు, కె.హెచ్.కపాడియా కెమెరా. ఆ నలుపు తెలుపుల వెలుగునీడలకు కపాడియాకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా దక్కింది. రాత్రి, వాన, డాక్టరుగారి కారు, దారి మధ్యలో తెల్లచీరలో సాధన. కారెక్కుతుంది. సమాధుల తోట దగ్గర దిగి వెళ్లిపోతుంది. తర్వాత అమ్మ కుదిర్చిన పెళ్లి చేసుకున్న డాక్టరుకు పెళ్లికూతురిలో కనిపించిందీ ఆ ముఖమే! విలన్ ఎవరో చెప్పను. ఇప్పటికీ చూడనివాళ్లు ఉంటారు.

చాలా ఏళ్ల తర్వాత విల్కీ కాలిన్స్ నవల 'ద వుమన్ ఇన్ వైట్' చదివాను. 1859 నవంబరులో చార్లెస్ డికెన్స్ పత్రికలో సీరియల్‌గా మొదలై, 1860లో పుస్తకమైంది. లండన్‌లో ఆ రోజుల్లో దాని పేరుతో సెంట్లు కూడా అమ్మారట. అందులోనూ రాత్రి, నిర్మానుష్యమైన రోడ్డు, తెల్లబట్టల్లో ఒంటరి స్త్రీ. పోలికలు ఇంకా ఉన్నాయి. ఒకే ముఖమున్న ఇద్దరు ఆడవాళ్లు, ఆస్తి కోసం కుట్ర, పిచ్చి అనే ముద్ర. కానీ చదువుతూ ఉంటే నాకు ఒకచోట కాలు ఆగింది. ఆ రోడ్డు మీది ఆమెను చూసి మనం భయపడం. ఆమె కోసం భయపడతాం! పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకొచ్చిన మనిషి ఆమె. వెనకాల తరుముతున్నవాళ్లు ఉన్నారు.

ఇక లారా. ఇరవై వేల పౌండ్ల సొత్తుకు వారసురాలు. పిల్లల్లేకుండా చనిపోతే ఆ డబ్బు భర్త సర్ పెర్సివల్‌కే చెందుతుందని పెళ్లి ఒప్పందం. అందుకే పోలికలున్న ఆ తెల్లబట్టల అమ్మాయి చనిపోతే ఆమె సమాధి మీద లారా పేరు రాయించి, లారాను ఆమె పేరుతో పిచ్చాసుపత్రిలో పెట్టిస్తారు. పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కునిచ్చే చట్టం ఇంగ్లండులో 1882లో గానీ రాలేదు. కాలిన్స్ చదివింది న్యాయశాస్త్రమే. ఒక్కొక్కరి చేత వాంగ్మూలం చెప్పించినట్టే నవలంతా నడిపాడు.

1948లో హాలీవుడ్ ఈ కథ తీసినప్పుడు ఎలినార్ పార్కర్ ఇద్దరమ్మాయిలుగానూ తానే నటించింది. దుర్మార్గుడు కౌంట్ ఫాస్కోగా భారీకాయుడు సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్. ఆ బాధ, ఆ ఆస్తి, అంతా ఆడవాళ్లదే. బీబీసీ 2018లో అయిదు భాగాలుగా తీసినప్పుడూ అంతే. లారాను కాపాడే అక్క మారియన్‌కు అందులో ఇంకా పెద్దపీట వేశారు.

మన దగ్గరికి వచ్చేసరికి ఆస్తి డాక్టరుగారిదైంది. పిచ్చెక్కించాలని చూసేదీ ఆయనకే. ఆడమనిషి ఆయన్ను భయపెట్టే బొమ్మగా మిగిలింది. సినిమాగా చూస్తే తప్పుపట్టను. ఉత్కంఠలో ఖోస్లా చిత్రం 1948 నాటి హాలీవుడ్ చిత్రం కంటే రెండాకులు ఎక్కువే చదివింది. వేదా సంగీతంలో తెలుగు పాటలూ ఇప్పటికీ రేడియోలో వస్తే చెవి అటే పోతుంది. అయితే ఇంగ్లండులో తెల్లగౌను మామూలు అమ్మాయిల బట్ట. మన ఊళ్లలో తెల్లచీర ఎవరు కట్టేవారో అందరికీ తెలుసు. హాల్లో జనాన్ని దడిపించడానికి వేరే మేకప్ అక్కర్లేకపోయింది.

ఆ మర్నాడు జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చెప్పించుకుంది. నేను చేతులు తిప్పుతూ చెప్పాను, ఆమె వడ్లు చెరుగుతూ విన్నది. నేను భయపడింది ఎవరికో ఆమెకు తెలుసు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

"కథ బాగుంది గానీ అబ్బీ, ఆస్తి కడాకు ఎవురికి పాయ?" అంది.

"డాక్టరుకే."

"మరి ఆ యమ్మికి?"

నేను ఆలోచించాను. సినిమాలో ఆ మాట ఎక్కడా వచ్చినట్టు గుర్తులేదు. జేజి చాట తట్టి, నూకలు కోళ్లకు చల్లింది.