గాజు గ్లాసు, తలకట్టు

బళ్ళారిలో నా చిన్నప్పుడు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. రెండూ ఒకే పలక మీద దిద్దాను. 'క' మీద తలకట్టు తారుమారైతే రెండుచోట్లా మొట్టికాయలే. తెలుగుది టిక్కు కొట్టినట్టు పైకి లేవాలి, కన్నడానిది అడ్డంగా సాగి కొసన మెలి తిరగాలి. ఇప్పటికీ ఏ అక్షరం చూసినా నా కన్ను ముందు దాని నెత్తి మీదికే పోతుంది.

డిజైన్ సూత్రాలుగా చలామణి అయ్యేవాటిలో చాలావరకు చెప్పినవాళ్ళ పలక మీంచి వచ్చినవేనని నా అనుమానం. అచ్చుపని గాజు గ్లాసులా ఉండాలి, లోపలి వైను కనపడాలిగాని గ్లాసు కాదు అని బియట్రిస్ వార్డ్ 1930లో లండన్‌లో ప్రసంగించింది. ఆవిడ అచ్చు యంత్రాల మోనోటైప్ కంపెనీ ప్రచారం చూసేది, చుట్టూ అందరూ చదివేది ఒకటే లిపి. అక్కడ గ్లాసు కనపడకపోవచ్చు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోగా తాను మైసూరు రాష్ట్రంలో మిగిలిన ఊరు మాది. ఇక్కడ బోర్డు మీద ఏముందో చదవకముందే ఏ లిపిలో ఉందో చూస్తారు. 2024లో కర్ణాటక బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని, అదీ పైభాగంలో ఉండాలని చట్టం తెచ్చాక లేఅవుట్ గురించి మాట్లాడేవాడు టేపు పట్టుకునే మాట్లాడుతున్నాడు.

గోడల మీద రాసిన పాత పెయింటర్లకైతే అక్షరానికి తల, పొట్ట, తోక ఉండేవి. నిచ్చెనెక్కి తమంత ఎత్తు అక్షరం రాసినవాళ్ళకి అది మనిషిలాగే కనపడుతుంది మరి. ఫ్లెక్స్ షాపు కుర్రాడికి అక్షరం 'విరిగేది'. సాఫ్ట్‌వేర్ 'శ్రీ'ని 'శ్‌రీ' చేసి ఎన్ని పెళ్ళిళ్ళ ముందు రాత్రి ఏడిపించిందో వాడికే తెలుసు.

మొన్న మా ఇంటి గృహప్రవేశం ఫ్లెక్సుకి అలాంటి కుర్రాడి దగ్గరికే పోయాను. తెలుగు వరస చిన్నగా కనపడుతోందన్నాను. టేపు పెట్టి చూపించాడు, రెండు వరసల ఎత్తూ సమానమే. తలకట్టు లేచిన మేరకు తెలుగు పొట్ట తగ్గిందయ్యా అని నా పాండిత్యం చూపించాను.

"మీరు తెలుగోళ్ళు గదా సార్, మీకట్లే కనపడుతుంది."

అయినా తెలుగు వరస ఒక అంగుళం పెంచాడు. నాలుగడుగులు వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూశాడు. ఇప్పుడు కన్నడం చిన్నదైపోయింది సార్ అన్నాడు. కన్నడ మీడియంలో చదివాడట.