వెతికినా దొరకని పదం

గత మాసం మా మదరసా విద్యార్థి ఒకరి దాదీమా తమ ఫోను తెచ్చి మా ముందుంచారు. “మౌలానా సాబ్, ఈ ఖుర్‌ఆన్ యాప్‌లో ‘కరీమ్’ అని వెతికితే ఒక్క ఆయతూ రావడం లేదు. అంతటి గ్రంథంలో ఆ మాటే లేదా?” అని అడిగారు. తెర అడుగున సూరాలు, గుర్తులు, వెతుకులాట అనే మీటలుండే పట్టీ కూడా ఫోను సొంత మీటల కింద సగం దాగిపోయింది.

మేము తొందరపడ్డాము. సెట్టింగులలో ‘క్లియర్ డేటా’ నొక్కాము. చిక్కు తీరలేదు సరికదా, రమజాను నుండి ఆమె పెట్టుకున్న గుర్తులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ‘క్లియర్ క్యాషె’ నొక్కితే తాత్కాలికంగా దాచినవే పోతాయి, ‘డేటా’ నొక్కితే ఆ యాప్ ఫోనులో దాచుకున్నదంతా పోతుంది. ఇది మేము ముందే తెలుసుకొని ఉండవలసింది.

అసలు కారణం వేరు. ఆమె వాడుతున్నది ఉర్దూ కీబోర్డు. ఉర్దూ ‘కాఫ్’, అరబీ ‘కాఫ్’ మనకు ఒకే అక్షరం. ఫోనుకు మాత్రం రెండు వేర్వేరు సంకేతాలు. ‘యే’ సంగతీ అంతే. ‘కరీమ్’లో ఆ రెండూ ఉన్నాయి! అరబీ కీబోర్డు చేర్చి అదే పదం రాయగా ఆయతులు వరుసగా వచ్చాయి. అయినా కొన్ని పదాలు దొరకకపోవచ్చు. ముస్‌హఫ్ లిపిలో ‘సలాత్’ను అలిఫ్‌తో కాక వావ్‌తో రాస్తారు, ‘కితాబ్’లో తరచుగా అలిఫ్ పైన చిన్న గీతగానే ఉంటుంది. ఈ తేడాలను సరిచూసుకొనే ఏర్పాటు అన్ని యాప్‌లలో ఉండదు. సంఖ్య తెలిస్తే అదే సులువు. ఆయతుల్ కుర్సీకి 2:255 అని రాస్తే చాలు.

ఇక పట్టీ విషయం. ఆండ్రాయిడ్ 15కు అనుగుణంగా తయారైన యాప్‌లు తెర అంచు దాకా పరచుకుంటాయి. అంచున చోటు వదలడం మరచిన యాప్‌కు ఈ గతి పడుతుంది. మూడు మీటలు తీసివేసి వేలితో జరిపే పద్ధతి పెట్టి చూశాము. ఆమెకు అది నచ్చలేదు, మాకూ నచ్చదు లెండి. చివరకు యాప్‌ను అప్‌డేట్ చేయగా పట్టీ పైకి వచ్చింది.

పోయిన గుర్తులలో పదకొండు మాత్రమే ఆమెకు జ్ఞాపకం వచ్చాయి. వాటిని సూరా, ఆయతు సంఖ్యలతో మనవడి చేత నోటుపుస్తకంలోకి ఎక్కించాము. మిగతావాటి కోసం ఆమె మళ్లీ మొదటి నుండి పారాయణం చేస్తున్నారు.